జమా-ఖర్చు: తొట్టిలో దీపం

పోయిన సంచికలో నామినేషన్ల గురించి రాసినదానికి చాలామంది సభ్యులు ఫోన్లు చేశారు. ఇద్దరైతే ఏకంగా ఉత్తరాలే రాశారు. సంతోషం. అయితే మా సంఘం కార్యదర్శిగారు మాత్రం, "ఎప్పుడూ పాసుపుస్తకాలూ వడ్డీలేనా? ఒకసారి వేరే సంగతి రాయండి" అన్నారు. సరే, ఈసారి వేరే సంగతే. కాకపోతే అదీ ఒక లోను దరఖాస్తులోనే మొదలైంది. ముప్ఫై ఏళ్లు బ్యాంకు కుర్చీలో కూర్చున్న బి.కాం. మనిషికి ప్రపంచమంతా దరఖాస్తులాగే కనపడుతుంది, క్షమించాలి.

కిందటేడు ఉగాదికి ముందు సూళగిరి దగ్గరి పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. వయసు ముప్ఫై అయిదు ఉంటుంది. ఎకరంన్నరలో చామంతి, మిగిలిన చెక్కలో కొత్తిమీర. బాడుగ బండికి ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయి సొంతానికి ఒక పికప్ కొనుక్కోవాలని ఆశ. మన ప్రాంతంలో ఇది కొత్త ఆశేమీ కాదు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటినుంచి, తమిళులు ముద్దుగా 'కుట్టి యానై' అని పిలుచుకునే ఆ చిన్న ఏనుగు ఎన్ని పల్లెల్లో దూరిందో లెక్కలేదు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ అయితే మన హోసూరు ప్లాంటులోనే తయారైన బండి. ముక్కాలు టన్నుకు ఒకటి, టన్నుంబావుకు ఇంకొకటి, ఎవరి పంటకు తగినది వాళ్లు కొనుక్కున్నారు.

అతను తెచ్చిన కొటేషన్‌ను వరుసగా టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. బండి ధర, ఇన్సూరెన్సు, రోడ్డు టాక్సు, తొట్టికి ఇనుప గ్రిల్లు, టార్పాలిన్. చిట్టచివర ఒక పద్దు: 'తొట్టిలో లైటింగు, రూ. 3,800'. ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి పక్కన 'అలంకార ఖర్చు' అని రాశాను. నా కళ్లముందు అప్పుడు కనిపించింది మన హైవే మీద రాత్రిపూట పెళ్లిపందిరిలాగా పోయే లారీలు. నీలం, ఆకుపచ్చ, ఊదా రంగు బుడ్డి దీపాలు, వెనక 'హారన్ ప్లీజ్', ముందు దేవుడి పటానికి తిరిగే చక్రం. అప్పు డబ్బుతో అవన్నీ ఏమిటని నా ఉద్దేశం.

"సార్, లోడు చేసేటప్పుడు చీకటిగా ఉండాది, అందుకే..." అన్నాడు.

"ఫోన్లో టార్చి లేదా?" అన్నాను.

"ఉండాది సార్" అన్నాడు. అంతటితో ఆ మాట ముగిసింది. లోను శాంక్షన్ అయింది, బండి వచ్చింది, పూలదండ వేసి చంద్రచూడేశ్వరుడి కొండ దగ్గర పూజ చేయించి ఆ ప్రసాదం మా బ్రాంచికి కూడా పంచాడు.

ఏడు కంతులు తేదీకి ఒకరోజు ముందే కట్టాడు. ఎనిమిదోది రాలేదు. ఫోను చేస్తే, "అమ్మ ఆస్పత్రిలో ఉండాది సార్, నాలుగు దినాలు టైమియ్యండి" అన్నాడు. జరిగిందిదీ. రాత్రి రెండు గంటల వేళ ఆవిడ తొట్టిలో నిలబడి పూల గోతాలు సర్దుతున్నది. వెనక డోరు వేసి ఉందనుకుని దానికి ఆనుకోబోయింది. డోరు దించి ఉంది. మూడడుగుల ఎత్తునుంచి వెల్లకిలా పడింది. కుడి మణికట్టు ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆదివారంనాడు చూసి రావడానికి వెళ్లాను. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నన్ను చూడగానే లేవబోయింది. "దీపం లేకనే పడలేదులే నాయనా, నాకూ కండ్లు తెలవడంలేదు" అంది. నేను ఆ దీపం మాట ఎత్తనేలేదు. అంటే ఆ ఎర్రపెన్ను సంగతి ఇంట్లో అందరికీ తెలుసన్నమాట. ఆవిడ నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పు ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. బ్యాంకు పరిభాషలో 'పోస్ట్ శాంక్షన్ ఇన్‌స్పెక్షన్' అంటాం, ఎప్పుడూ పగలే చేస్తాం. బండి చూస్తాం, నంబరు చూస్తాం, ఒక ఫొటో తీసుకుంటాం, కాఫీ తాగి వస్తాం. ఆ బండి పనిచేసే వేళకు మాత్రం మనం నిద్రపోతూ ఉంటాం.

మార్గశిరం చలి. ఒంటిగంటన్నరకు లేచారు. బెంగుళూరు కృష్ణరాజేంద్ర మార్కెట్టుకు నాలుగు గంటలకల్లా చేరకపోతే ధర తగ్గిపోతుంది. అందుకు రెండున్నరకు కదలాలి. అతను గోతాలు మోస్తాడు, భార్య తొట్టిలో నిలబడి అందుకుంటుంది. పసుపు చామంతి ఒక పక్క, తెల్ల చామంతి ఒక పక్క, తడి కొత్తిమీర కట్టలు పూలకు తగలకుండా వెనకాల. ఇక టార్చి? దాన్ని పట్టుకున్నది వాళ్ల పాప. అయిదో తరగతి. గడప దగ్గర నిలబెట్టిన మంచం కోడుకు ఆనుకుని, తండ్రి ఎటు నడిస్తే అటు ఫోను తిప్పుతూ ఉంది. మధ్యమధ్య వెలుగు కిందికి జారిపోయేది, నిద్రతో చేయి వాలిపోయి. "పాపా, పైకి!" అని తల్లి అరిస్తే మళ్లీ లేచేది. వారానికి అయిదు రాత్రులు అదే పని. అవ్వ పడిన రాత్రి టార్చి పట్టుకున్నది కూడా ఆ పాపే. ఈ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. ఆ పిల్ల డోరు వైపు చూడకుండా అవ్వ కట్టు వైపే చూస్తుంటే అర్థమైంది.

"ఫోన్లో టార్చి లేదా?" అని అడిగిన పెద్దమనిషిని నేనే. టార్చి పట్టుకోవడానికి ఒక చేయి కావాలని, ఆ చేయి ఎవరిదో ఒకరిది కావాలని నాకు తోచలేదు.

ఇక్కడ చిన్న పక్కమాట. వాళ్లు ఆదరాబాదరా చేరుకునే ఆ బెంగుళూరు మార్కెట్టు పరిసరాల్లోనే 1905లో ఆ ఊరి మొదటి కరెంటు వీధిదీపాలు వెలిగాయి. కావేరి మీద శివనసముద్రంలో తయారైన కరెంటు అంతకు మూడేళ్ల ముందే, 1902లో, మన పొరుగునున్న కోలారు బంగారు గనులకు చేరింది. గనుల్లో దీపం ముందు, ఊళ్లో దీపం తర్వాత. పూలు మోసే బండిలో దీపం మాత్రం నూరేళ్లు దాటినా రాలేదు. మా నాయన కాలంలో ఎడ్లబండికి ఇరుసు కింద ఒక లాంతరు వేలాడేది. సంతకు పోయేటప్పుడు అది ఊగుతుంటే చక్రాల నీడలు రోడ్డు పక్క చెట్లమీద నడిచేవి. సరుకు దించేటప్పుడు ఆ లాంతరే విప్పి నొగకు తగిలించేవారు. చేతులు రెండూ ఖాళీ. ఆ తెలివి మోటారు బండి వచ్చాక ఎక్కడ పోయిందో!

అమెరికాలో ఉండే మా అమ్మాయికి ఫోన్లో ఈ కథంతా చెబితే, పక్కింటివాళ్ల పికప్ ఫొటో పంపింది. కేబిన్ వెనక అద్దం పైన, మధ్యలో ఎర్రటి బ్రేకు లైటు, దానికి అటూ ఇటూ తెల్ల దీపాలు, తొట్టిలోకి చూస్తూ. 1994 మోడలు నుంచి ఆ దేశంలో పికప్పులకు ఆ ఎత్తయిన బ్రేకు లైటు తప్పనిసరి చేశారు. చాలా కంపెనీలు దాంట్లోనే సరుకు దీపాన్ని కూడా కలిపేశాయి. డ్రైవరు దగ్గర ఒక మీట. అక్కడ ఆ బండిలో ఎక్కేది చాలాసార్లు గడ్డికోసే మిషనూ ఫర్నిచరూ. ఇక్కడ బతుకుతెరువు ఎక్కుతుంది, కానీ మన చిన్న సరుకు బండ్లలో సాధారణంగా కేబిన్లో దీపం ఉంటుంది, తొట్టిలో ఉండదు.

సరే, అసలు సంగతికి వద్దాం. తప్పు తెలిసింది కదా, దిద్దుకున్నానా అంటే, అక్కడా నా బి.కాం. బుద్ధి పోనిచ్చుకోలేదు. "లైటు వేయించుకో, కానీ వెయ్యి రూపాయల లోపల ముగించు" అని సలహా ఇచ్చాను. అతను అలాగే ఎవరో ఎలక్ట్రీషియన్ దగ్గర ఎనిమిది వందలకు వేయించుకున్నాడు. ఆ మహానుభావుడు కొత్త తీగ లాగే శ్రమ ఎందుకని వెనక ఎర్రదీపం తీగనే గీకి, దానికి ఒక ఎల్.ఇ.డి. పట్టీ చుట్టి, పైన టేపు వేసి పంపించాడు. వారం బాగానే వెలిగింది. తర్వాత ఒకరాత్రి హోసూరు దాటి అత్తిబెలె చేరేలోపల ఆ తీగ చాసీ అంచుకు రాసుకుని రాసుకుని తొడుగు చిరిగి ఇనుముకు తగిలింది. ఫ్యూజు పోయింది. దాంతోపాటే వెనక ఎర్రదీపాలు, నంబరు ప్లేటు దీపం, అన్నీ ఆరిపోయాయి. కేబిన్లో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలియదు. "వెనక లారీ హారన్ కొట్టుకుంటా నెత్తిమీదికి వచ్చేసింది సార్. వాడు పక్కకు తిప్పినాడు కాబట్టి ఉండాం" అన్నాడు.

రెండుసార్లు నేను మిగిల్చిన డబ్బు ఖరీదు అది.

ఆ తర్వాత నేను సలహాలు మానేసి చదవడం మొదలుపెట్టాను. తెలిసినవాళ్లను అడిగాను, హోసూరులో ఫ్యాక్టరీల్లో వైరింగు విభాగంలో పనిచేసి రిటైరైన సభ్యులు మన సంఘంలోనే ఉన్నారు కదా. వాళ్లు చెప్పింది, నాకు అర్థమైన లెక్కల భాషలో ఇక్కడ రాస్తున్నాను. బండి ఉన్న సభ్యులకు పనికొస్తుంది.

బ్యాటరీ ఒక ఎస్.బి. ఖాతా అనుకోండి. చిన్న పికప్‌లో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ, సుమారు 65 ఆంపియర్-అవర్లు అనుకుందాం. నిల్వ అంతే. పాతకాలపు 55 వాట్ల హాలొజెన్ దీపాలు రెండు పెడితే 110 వాట్లు, అంటే గంటకు తొమ్మిది చొప్పున ఖర్చు. రాత్రి ఆర్పడం మరిచిపోతే తెల్లారేసరికి ఖాతా ఖాళీ. అదే ఎల్.ఇ.డి. దీపాలు నాలుగు, ఒక్కొక్కటి 5 వాట్లు, మొత్తం 20 వాట్లు పెడితే గంటకు 1.7 మాత్రమే. గంటసేపు లోడింగుకు అది చిల్లర. కానీ మరిచిపోతే పది గంటల్లో 17, రెండు రాత్రులకు 34, అంటే సగానికి పైగా గోవిందా. మన చలికాలపు తెల్లవారుజామున డీజిలు ఇంజను అసలే మొండికేస్తుంది, సగం నిల్వతో అది లేవదు. అందుకని కేబిన్లో మీట పక్కన ఒక చిన్న ఎర్రబొట్టు దీపం ఉండాలి, తొట్టిలో వెలుగుతున్నంతసేపూ ఇదీ వెలిగేట్టు. ఫ్రిజ్ తలుపులాగా డోరు దించితే వెలిగి, వేస్తే ఆరిపోయే మీట పెట్టిద్దామని నేను గొప్పగా చెప్పాను. "డోరు వేసినాక కూడా పైనుంచి గోతాలు అందిస్తాం సార్, అప్పుడెట్ల?" అన్నాడు. నా తెలివి అంతే.

ఎల్.ఇ.డి. ఇంత తక్కువ ఖర్చుకు దొరకడం వెనక జపాను శాస్త్రజ్ఞుల ఇరవై ముప్ఫై ఏళ్ల శ్రమ ఉంది. ఎర్ర, ఆకుపచ్చ దీపాలు ఎప్పటినుంచో ఉన్నా, నీలం లేక తెల్ల వెలుగు రాలేదు. ఆ నీలాన్ని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. హాలొజెన్‌లాగా ఇది కాలిపోయేంత వేడెక్కదు. ఎండుగడ్డి, గోతాలు ఎక్కే తొట్టికి ఇది పెద్ద సుగుణం.

వెలుగు రంగు కూడా చూసుకోవాలి. పచ్చగా ఉండే వెచ్చని వెలుగులో పండిన కొత్తిమీర ఆకు, తాజా ఆకు ఒకేలా ఉంటాయి, తెల్ల చామంతి పసుపులో కలిసిపోతుంది. డబ్బా మీద 4000 నుంచి 5000 కెల్విన్ అని ఉన్నది తీసుకుంటే పగటి వెలుగుకు దగ్గరగా ఉంటుంది. ఐ.పి. 67 అని ఉంటే దుమ్ము దూరదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి తడి పోదు. కొత్తిమీర నీళ్లు ఓడుతూనే ఉంటుంది కాబట్టి ఇది విలాసం కాదు. ఇంకొక సంగతి, పెద్ద లారీలకు ఉండేది 24 వోల్టులు. లారీ సామాన్ల కొట్లో 12దా 24దా అని అడగకుండా కొంటే ఒకటి మాడిపోతుంది, లేదా ఒకటి మిణుకుమిణుకుమంటుంది. 12 అన్నా, ఇంజను నడిచేటప్పుడు వచ్చేది 14 దాకా ఉంటుంది. చవక పట్టీలు ఆ రెండు వోల్టుల ఎక్కువకే ఆయుష్షు పోగొట్టుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం తీగ. బ్యాటరీ నుంచి దీపాలకు వేరే తీగ రావాలి, వెనక దీపాల తీగను ముట్టుకోకూడదు. బ్యాటరీ ధన ధ్రువం నుంచి జానెడు దూరంలోపలే ఫ్యూజు. ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, తీగను. తీగ మధ్యలో ఫ్యూజు పెడితే దానికి ముందున్న తీగంతా జామీను లేని అప్పే! 20 వాట్లకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. పోయినప్పుడల్లా పెద్దది వేయడం, సిగరెట్టు పెట్టె రేకు చుట్టడం చేయకూడదు. తీగ అర చదరపు మిల్లీమీటరుది వేస్తే పోను రాను పన్నెండు మీటర్ల దారిలో ముప్పాతిక వోల్టు దాకా తరుగు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరుది అయితే పావు వోల్టే. రుణ ధ్రువానికి కూడా తొట్టి ఇనుమును నమ్ముకోకుండా నల్లతీగ వేరే లాగితే తుప్పు పట్టినా బాధ లేదు. ఇనుములో రంధ్రం గుండా పోయే ప్రతిచోటా రబ్బరు బుష్, మిగతా దారంతా ముడతల పైపు. అత్తిబెలె దగ్గర ప్రాణం మీదికి తెచ్చింది ఆ పది రూపాయల బుష్ లేకపోవడమే.

దీపాలు తొట్టి పై అంచు కింద, లోపలికీ కిందికీ చూసేట్టు బిగించాలి. నడిచే బండికి వెనకనుంచి ఎర్రదీపం కనపడాలి గానీ తెల్ల వెలుగు వెనకవాడి కళ్లలో పడకూడదు, కదిలేముందు ఆర్పేయాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ కాగితానికి విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. లోపలి పనిదీపం అంతదూరం పోదు గానీ, రంగురంగుల మెరుపు దీపాలు పెడితే ఎఫ్.సి. వేళ పీకమంటారు. నా ఎర్రపెన్నుకు అంతవరకు కొంచెం న్యాయం ఉందని నన్ను నేను సమర్థించుకుంటున్నాను.

ఇదంతా చేయించేసరికి రూ. 3,400 అయింది. మొదటి కొటేషన్‌కన్నా నాలుగు వందలు తక్కువ. ఆ నాలుగు వందలు చూసి సంతోషించే అలవాటు నాకు ఇంకా పోలేదు. దానికి ఎదురుగా ఎలక్ట్రీషియన్‌కు పోయిన ఎనిమిది వందలు, ఆస్పత్రి బిల్లు, ఆలస్యమైన కంతు మీద మేమే వేసిన అపరాధ రుసుము ఉన్నాయి. అవ్వ మణికట్టు ఇప్పుడు సగమే తిరుగుతుంది. పూలు కోస్తుంది గానీ కట్ట కట్టలేదు.

సంక్రాంతి ముందు మరోసారి రాత్రి వెళ్లాను. మీట నొక్కితే తొట్టంతా పగలైంది. అవ్వ మొదట డోరు వైపు చూసి, తర్వాత చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. పాప లోపల దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నది. అంతకుముందు బండి కదిలాక పడుకుంటే బడికి లేవలేక మూడు దినాలకొకసారి మానేసేదట. టీచరు పిలిపించి అడిగితే 'చదువు మీద ధ్యాస లేదు' అని తల్లే ఒప్పుకుని వచ్చిందట. కారణం చెప్పడానికి సిగ్గుపడింది.

మా బ్రాంచిలో ఇప్పుడు బండి లోను కొటేషన్ వస్తే, తొట్టిలో దీపం పద్దు లేకపోతే నేనే అడుగుతున్నాను. 'పనిదీపం, వేరే తీగ, ఫ్యూజుతో' అని వివరంగా రాయించి తెమ్మంటున్నాను. కొత్తగా చేరిన ఫీల్డాఫీసరు కుర్రవాడు కాగితం నా ముందు పెట్టి, "సార్, ఇది అలంకార ఖర్చు కదా, కొట్టేయమంటారా?" అని అడిగాడు. ఒకరాత్రి రెండు గంటలకు సూళగిరి వెళ్లి చూసి వచ్చి కొట్టేయమన్నాను. చలి తగ్గాక వెళతానని అంటున్నాడు.